వాషింగ్టన్ డీసీలో సాయంత్రం మాన్యుమెంట్ల బస్ టూర్: పెద్దవాళ్లతో వెళ్లొచ్చా?

శ్రావణమేఘం

అందరికీ నమస్తే అండీ. అమ్మానాన్న ఇండియా నుంచి వచ్చి నెల దాటింది, జూన్ మూడో వారంలో వాళ్లని తీసుకుని మూడు రోజులు డీసీ వెళ్తున్నాం. పగలంతా మ్యూజియాలకే సరిపోతుంది, మాన్యుమెంట్లు సాయంత్రం బస్ టూర్‌లో చూపించేద్దాం, గైడ్ ఉంటాడు, మూడు గంటల్లో అన్నీ తిప్పేస్తారు, లైట్లలో బాగుంటాయి కూడా అని మా ఆయన అంటున్నారు. నాకేమో ధైర్యం చాలట్లేదు.

నాన్నకి 70. హైస్కూల్లో సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు, లింకన్ గురించి, మార్టిన్ లూథర్ కింగ్ గురించి ఏళ్ల తరబడి పిల్లలకి పాఠం చెప్పిన మనిషి, ఇప్పుడు ఆ చోటికే వెళ్తున్నాం అనేసరికి వారం నుంచీ నోట్‌బుక్ ముందేసుకుని కూర్చుంటున్నారు. అమ్మకి రెండు మోకాళ్లూ నొప్పులే. చదునుగా ఉంటే మెల్లగా నడుస్తుంది, మెట్లంటే మాత్రం రైలింగ్ ఉండాల్సిందే. పైగా రాత్రి తొమ్మిదికల్లా మాత్రలేసుకుని పడుకునే అలవాటు.

ఈ టూర్ నిజంగా డబ్బులు పెట్టేంత ఉంటుందా, ఎన్నింటికి బయల్దేరే బస్సు మంచిది, మధ్యలో బాత్రూమ్ సంగతేంటి, గైడ్ ఇంగ్లీష్ వీళ్లకి అందుతుందా? లేకపోతే మన కార్లోనే తిరగడం నయమా? వెళ్లినవాళ్లు చెప్పండి ప్లీజ్. నాన్న మళ్లీ ఇంత దూరం వస్తారో రారో తెలీదు, ఈ ఒక్క సాయంత్రం పాడవకూడదని నా బాధ.

---

నడకపిచ్చి

వెళ్లండి అండీ, తప్పకుండా వెళ్లండి. కానీ డబ్బు కట్టే ముందు ఒక్కటి చూసుకోండి, అది బస్సు ఆపి మనల్ని దింపే టూరా లేక దింపకుండా తిప్పి తెచ్చేసే టూరా అని. రెండిటి ఫొటోలూ ఒకేలా ఉంటాయి, వివరాల్లోకి వెళ్తే గానీ తేడా తెలీదు. మొదటిసారి మా అత్తామామల్ని తీసుకెళ్లినప్పుడు నేను అది చూడలేదు, దింపని బస్సెక్కాం, లోపల లైట్లు వెలుగుతూ ఉంటే కిటికీ అద్దంలో మా మొహాలే కనిపించాయి గానీ బయట ఏమీ కనపడలేదు, మామయ్య రెండు చేతులూ కళ్లకి అడ్డం పెట్టుకుని అద్దానికి ఆనుకుని చూడటం ఇప్పటికీ నా మనసులోంచి పోదు. మళ్లీ ఏడాది దింపే బస్సు చూసి తీసుకెళ్లాను, అసలు టూర్ అంటే అదీ.

టైమ్ విషయం. జూన్ మూడో వారంలో అక్కడ పొద్దు గుంకేది రాత్రి ఎనిమిదిన్నర దాటాకే. పూర్తి చీకటి పడేసరికి తొమ్మిది దాటుతుంది. ఆరింటి బస్సెక్కితే అంతా ఎండలోనే అయిపోతుంది, ఏడు, ఏడున్నర ఆ ప్రాంతంలో బయల్దేరేది పట్టుకోండి, వెలుగులో మొదలై చీకట్లో ముగుస్తుంది, రెండూ చూసినట్టుంటుంది. అదే డిసెంబర్‌లో అయితే ఐదింటికల్లా చీకటే, కాబట్టి ఎవరో చలికాలంలో వెళ్లి రాసిన టైమింగ్స్ చూసి బుక్ చేయకండి. అమ్మగారి మాత్రలు ఆ ఒక్కరోజు ఎంత ఆలస్యంగా వేసుకోవచ్చో డాక్టర్‌ని ముందే అడిగి పెట్టుకోండి.

వెలుగు ఉండగా వాషింగ్టన్ మాన్యుమెంట్‌ని ఒకసారి బాగా చూడమనండి నాన్నగారిని. 555 అడుగుల స్తంభం, కింద నుంచి 150 అడుగుల దగ్గర రాయి రంగు మారిపోతుంది. 1848లో మొదలెట్టి 1854లో డబ్బుల్లేక ఆపేశారు, తర్వాత అంతర్యుద్ధం వచ్చింది, మళ్లీ 1879లో గానీ ఎత్తుకోలేదు, ఈలోపు పాత గనిలోంచి అదే రాయి దొరకలేదు. మొత్తానికి 1884లో పూర్తయింది. ఒక దేశం పాతికేళ్లు ఆగిపోయిన గుర్తు ఆ గీత. రాత్రి లైట్లలో అది అంత తెలీదు, పైన విమానాల కోసం పెట్టిన ఎర్ర దీపాలే కనిపిస్తాయి.

ఇక లింకన్ దగ్గర అమ్మగారికి కష్టం. నీళ్ల కొలను దగ్గర్నుంచి లెక్కేస్తే విగ్రహం దాకా 87 మెట్లు, బస్సు దింపేది కొంచెం పైనుండే ప్లాజా వైపు కాబట్టి 58 ఎక్కాలి. లిఫ్ట్ ఉంది, కానీ కొన్నేళ్లుగా కింద పెద్ద రిపేర్ పనులు నడిచాయి, మీరెళ్లే రోజుకి లిఫ్ట్ పరిస్థితి ఏంటో ఈ మెమోరియల్స్‌ని చూసుకునే నేషనల్ పార్క్ సర్వీస్ వాళ్ల సైట్‌లో చూసుకుని వెళ్లండి. ఎక్కలేకపోతే బాధపడకండి, ప్లాజాలోంచి చూసినా స్తంభాల మధ్యలో వెలుగులో కూర్చున్న లింకన్ కనిపిస్తాడు.

నాన్నగారికి రెండు చెప్పండి. ఒకటి, బయట స్తంభాలు 36, లింకన్ చనిపోయేనాటికి ఉన్న రాష్ట్రాల లెక్క అది. రెండోది మాస్టార్లకి బాగా నచ్చుతుంది. లోపల ఉత్తరం వైపు గోడ మీద లింకన్ రెండో ప్రమాణ స్వీకార ప్రసంగం చెక్కారు, అందులో ఫ్యూచర్ అనే మాటలో మొదటి ఎఫ్ (F) అక్షరం బదులు ఇ (E) అక్షరం చెక్కేశారు, తర్వాత కింది గీతని పూడ్చారు. ఇప్పటికీ ఆ పూడ్చిన గీత కనిపిస్తుంది, దగ్గరికెళ్లి వెతకమనండి.

---

రెండోషిఫ్ట్

పై ఆయన చెప్పినవన్నీ కరెక్టే కానీ నేనైతే కారే అంటాను. టూర్ బస్సులో ఒక్కో చోట ఇరవై నిమిషాలిస్తారు, మోకాళ్ల నొప్పులున్న మనిషికి దిగి ఎక్కడానికే అందులో సగం పోతుంది. ఈ మెమోరియల్స్‌కి టికెట్ లేదు, గేట్లు లేవు, లింకన్ అయినా జెఫర్సన్ అయినా 24 గంటలూ తెరిచే ఉంటాయి, రేంజర్లు రాత్రి పది దాకా ఉంటారు. మా అమ్మని ఇలాగే తీసుకెళ్లాం, రెండు రాత్రులు, రాత్రికి రెండు చోట్లు మాత్రమే, ఐస్‌క్రీమ్ తింటూ కూర్చున్నాం.

పార్కింగ్ మాత్రం ఓపిక పట్టాలి, లింకన్ పక్కనే దొరకడం కష్టం. ఒకళ్లు పెద్దవాళ్లని దింపి, ఇంకొకళ్లు కారు పెట్టుకుని రావాలి. ఆ చివర లింకన్ నుంచి ఈ చివర కాపిటల్ (అమెరికా పార్లమెంట్ భవనం) దాకా సుమారు రెండు మైళ్లు, మ్యాప్‌లో చూస్తే పక్కపక్కనే ఉన్నట్టుంటాయి, నమ్మి నడిపించకండి.

ఇంకోటి, పాత బ్లాగుల్లో సర్క్యులేటర్ అనే సిటీ బస్సెక్కండి, ఒక డాలరే అని రాసుంటుంది. అది 2024 చివర్లో ఆపేశారు.

కారైనా బస్సైనా ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ మెమోరియల్ వదలకండి. పోలియోతో నడక పోయిన ప్రెసిడెంట్ కదా, అక్కడ మెట్ల బాధ లేదు, అంతా చదునే, వీల్‌చెయిర్ హాయిగా వెళ్తుంది. ఆయన నాలుగు సార్లు గెలిచారు కాబట్టి పైకప్పు లేని నాలుగు గదుల్లా కట్టారు, ఒక్కో దాంట్లో నీళ్లు ఒక్కోలా పడుతుంటాయి. 1997లో తెరిచినప్పుడు ఆయన వీల్‌చెయిర్‌లో ఉన్నట్టు స్పష్టంగా కనిపించే విగ్రహం లేదని వికలాంగుల సంఘాలు పోరాడితే 2001లో ఇంకొకటి పెట్టారు, మొదట్లోనే ఎదురొస్తుంది. మా అమ్మ ఆ విగ్రహం పక్కన తన వీల్‌చెయిర్ పెట్టించుకుని ఫొటో దిగింది.

---

పూలసజ్జ

అమ్మా, నేను మీ అమ్మగారి వైపు నుంచి చెప్తాను. నాకు 66, నిరుడు మా అబ్బాయి నన్ను ఇదే బస్సు టూర్‌కి తీసుకెళ్లాడు. నాకూ మోకాళ్లే.

నాకు కారు కంటే బస్సే సుఖంగా అనిపించింది. ఎందుకంటే కార్లో అయితే అబ్బాయి డ్రైవింగ్‌లో, కోడలు మ్యాప్‌లో, నేను వెనక సీట్లో. బస్సులో ముగ్గురం పక్కపక్కన కూర్చున్నాం, వాడు నా చెయ్యి పట్టుకుని ప్రతిదీ తెలుగులో చెప్పాడు. గైడ్ ఇంగ్లీష్ నాకు పావు వంతు కూడా అందలేదు తల్లీ, మంచివాడే కానీ గబగబా మాట్లాడతాడు, మైకులో ఇంకా అర్థం కాదు. అందుకని ముందు రోజు రాత్రే మావాడు ఏ మెమోరియల్ ఎవరిది, ఎందుకు కట్టారు అని కథలాగా చెప్పి ఉంచాడు. మీరూ అలాగే చేయండి, బస్సులో వినేటప్పుడు పేర్లు తగిలితే చాలు, మిగతాది కళ్లకి అర్థమవుతుంది.

ముందు సీట్లు అడిగి తీసుకోండి, దిగడం ఎక్కడం తేలిక. ఏసీ చాలా చల్లగా పెడతారు, బయట ఉక్కపోతగా ఉన్నా శాలువా ఉండాలి. బస్సెక్కే ముందు ఒకసారి బాత్రూమ్‌కి వెళ్లొచ్చేయండి, లింకన్ దగ్గర కింద ఉంటుంది, రూజ్‌వెల్ట్ దగ్గరా ఉంటుంది, మధ్యలో బస్సు ఎక్కడ ఆగుతుందో గైడ్‌ని ఎక్కగానే అడగండి. నేను సిగ్గుపడి నీళ్లు తాగడం మానేశాను, తలనొప్పి వచ్చింది, మీ అమ్మగారిని అలా చేయనివ్వకండి. ఇంకొకటి, ఆవిడ నేను దిగను, బస్సులోనే కూర్చుంటాను, మీరెళ్లి రండి అంటారు. అందరి అమ్మలూ అంటారు. ఒప్పుకోకండి.

నాకు లింకన్ కంటే కొరియా యుద్ధం సైనికులు గుర్తుండిపోయారు. అది చదునుగానే ఉంటుంది. 19 మంది, ఉక్కు విగ్రహాలు, మనిషి కంటే ఎత్తు, గడ్డిలో విడివిడిగా నడుస్తున్నట్టు ఉంటారు, ఒంటి మీద వానకోట్లు గాలికి ఎగిరి ఉబ్బినట్టు చెక్కాడు మహానుభావుడు. చీకట్లో చిన్న చిన్న దీపాలు వాళ్ల మొహాల మీద పడుతుంటే ఒకతను వెనక్కి తిరిగి ఎవరినో పిలుస్తున్నట్టే ఉంది. పక్కన నున్నటి నల్లగోడ ఉంటుంది, దాంట్లో నీడ పడి 19 మంది 38 మంది అవుతారు. యుద్ధానికి ముందు ఉత్తర దక్షిణ కొరియాల మధ్య సరిహద్దు 38వ అక్షాంశం కదా, దానికి గుర్తని మావాడు చెప్పాడు. మా మేనమామ సైన్యంలో పని చేశాడు, నాకు ఆయన నడకే గుర్తొచ్చింది. ఎంతసేపు నిలబడ్డానో మోకాళ్ల సంగతే మర్చిపోయాను.

---

నడకపిచ్చి

పూలసజ్జ గారూ, శాలువా మాట, బస్సులో ఒంటరిగా వదలొద్దన్న మాట చాలా ముఖ్యమైనవి, నేను రాయాల్సింది, మర్చిపోయాను.

శ్రావణమేఘం గారూ, ఒకటి చెప్పడం మరిచాను. వియత్నాం గోడ కొరియా మెమోరియల్‌కి ఎదురుగా, కొలనుకి అటువైపు ఉంటుంది. వియత్నాం యుద్ధంలో పోయిన అమెరికా సైనికుల పేర్లు, 58,000 పైచిలుకు, చనిపోయిన తేదీల వరుసలో. దాన్ని డిజైన్ చేసినప్పుడు మాయా లిన్ వయసు 21, ఇంకా చదువుకుంటున్న అమ్మాయి. 1982లో కట్టారు. ఆ నల్ల గ్రానైట్ మన బెంగళూరు వైపు నుంచి వచ్చింది, అద్దంలా మెరిసే రాయి కావాలని వెతికి తెప్పించారు. గైడ్లు ఒక్కోసారి ఇది చెప్పరు, మీరు చెప్పండి. దీపాలు అక్కడ తక్కువే, ఫోన్ టార్చ్ పెట్టుకుని అడుగులు చూసుకుంటూ నడవండి, అమ్మగారికి చెయ్యి ఇవ్వండి. పేర్లు చదివేవాళ్లు ఉంటారు కాబట్టి మాట కూడా మెల్లగా.

---

శ్రావణమేఘం

వెళ్లొచ్చాం అండీ. అందరికీ పేరుపేరునా థాంక్స్, ముఖ్యంగా పూలసజ్జ గారికి, మీ మెసేజ్ అమ్మకి చదివి వినిపించాను, ఆవిడ నా మనసులో మాటే రాసింది అంది.

ఏడున్నర బస్సెక్కాం, దింపే టూరే, ముందు సీట్లు అడిగితే ఇచ్చారు. జెఫర్సన్ దగ్గరికి వెళ్లేసరికి ఇంకా ఆకాశం గులాబీ రంగులో ఉంది, నీళ్లలో ఆ గుండ్రటి కప్పు నీడ కదులుతోంది, అమ్మ గట్టు మీద కూర్చుని చాలాసేపు చూసింది. కింగ్ విగ్రహం దగ్గర నాన్న ఒక పెద్దాయనకి వచ్చీరాని ఇంగ్లీష్‌లో కింగ్ 1959లో ఇండియా వచ్చారని చెప్పారు, ఆయన టోపీ తీసి నాన్న చెయ్యి పట్టుకున్నారు. అక్కడ గైడ్ మాకోసం రెండు నిమిషాలు ఎక్కువ ఆగాడు, వెళ్లేటప్పుడు టిప్ కాస్త ఎక్కువే ఇచ్చాం.

లింకన్ దగ్గర అమ్మ ఎక్కలేదు, నేను తనతో కింద ప్లాజాలో ఉన్నాను. నాన్న, మా ఆయన ఎక్కారు. ఆ చెరిపిన అక్షరం దొరికిందట, ఫొటో తీసి తెచ్చి అమ్మకి చూపిస్తూ ఇంత పెద్ద గోడ మీద తప్పు దిద్దుకుని అలాగే ఉంచారు చూడు అని రెండుసార్లు అన్నారు. దిగేటప్పుడు పై నుంచి 18 మెట్ల కింద కింగ్ నిలబడి మాట్లాడిన చోట చెక్కిన అక్షరాల మీద కాలు పడకుండా పక్కనుంచి దిగారట.

వియత్నాం గోడకి వెళ్లేసరికి తొమ్మిదిన్నర దాటింది. నాన్నకి ఆ రాయి బెంగళూరు నుంచి వచ్చిందని అక్కడే చెప్పాను, ముందు చెప్పలేదు. ఏమీ అనలేదు. అరచెయ్యి గోడకి ఆనించారు. పగలంతా ఎండ కాసింది కదా, ఇంకా వెచ్చగానే ఉంది అమ్మాయ్, నువ్వూ పెట్టి చూడు అన్నారు. పెట్టాను, నిజమే, వెచ్చగా ఉంది. నా వేళ్ల కింద ఎవరిదో పేరు ఉంది, చీకట్లో చదవలేకపోయాను.

బస్సులో తిరిగి వచ్చేటప్పుడు అమ్మ నిద్రపోయింది. నాన్న మాత్రం రేపు పగలు మళ్లీ ఆ గోడ దగ్గరికి తీసుకెళ్తావా, పేర్లు చదవాలి అని అడిగారు. ఒక మ్యూజియం తీసేశాం, పొద్దున్నే బయల్దేరుతున్నాం.