ఎన్‌జీసీ 185 గెలాక్సీ దొరికింది, పక్కనున్న 147 మాత్రం దొరకట్లేదు

చుక్కలవేట:
16 అంగుళాల డాబ్ (డాబ్సోనియన్ టెలిస్కోపు), ఫోకల్ నిష్పత్తి ఎఫ్/4.5, ఐపీస్ (కంటి దగ్గరి కటకం) 32 మి.మీ. శర్మిష్ఠ నక్షత్రమండలంలో ఓమిక్రాన్ అనే చుక్కకి డిగ్రీ పడమర 185 ఇట్టే కనిపిస్తోంది. ఇంకో డిగ్రీ జరిగితే 147 ఉండాల్సిన చోట ఏమీ లేదు. అట్లాసులో వెలుగు అంకె (మాగ్నిట్యూడ్) 185కి 9.2, 147కి 9.5, దాదాపు ఒకటే. మరి కంటికి ఇంత తేడా ఏంటి? యూహెచ్‌సీ ఫిల్టర్ కొనాలా?

నిశాచరి:
9.5 అంటే మొత్తం వెలుగుని ఒక చుక్కలో కూర్చిన లెక్క. ఆ వెలుగే దాదాపు 13×8 ఆర్క్‌నిమిషాల (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక ఆర్క్‌నిమిషం) మేర పరుచుకుంది. 185కి నడిమధ్య చిక్కటి వెలుగుంది, 147కి లేదు. ఫిల్టర్ దండగ. అది నెబ్యులాల ఉద్గార రేఖల కోసం. గెలాక్సీది చుక్కల వెలుగు, అదీ కోసుకుపోతుంది.

అద్దాలపని:
ముందు ఆ 32 తీసెయ్యండి. ఎగ్జిట్ ప్యూపిల్ (ఐపీస్ నుంచి కంట్లోకి వచ్చే వెలుగు కట్ట వెడల్పు) 7.1 మి.మీ. వస్తోంది, కనుపాప అంత విచ్చుకోకపోతే అద్దం అంచున పడ్డ వెలుగంతా వృథా. 13 మి.మీ. ఐపీస్ పెట్టండి, 141 రెట్లు పెద్దగా చూపిస్తుంది.

మసకమబ్బు:
తప్పుడు సలహా. పెంచేకొద్దీ గెలాక్సీ పలచబడుతుంది.

అద్దాలపని:
ఆకాశమూ అంతే పలచబడుతుంది కదండీ! రెండింటి నిష్పత్తి మారదు. మసక వస్తువు పెద్దదైతేనే కన్ను పట్టుకుంటుంది. వందల గెలాక్సీలు చూసి చెప్తున్న మాట.

మసకమబ్బు:
ఎన్ని చూశారన్నది కాదు ప్రశ్న. 82 డిగ్రీల చూపుకోణమున్న 13లో క్షేత్రం (కనిపించే ఆకాశం) 35 ఆర్క్‌నిమిషాలే. అడ్డంగా మూడో వంతుకి పైగా గెలాక్సీయే నిండితే పోల్చుకోడానికి చీకటి ఎక్కడ మిగిలింది? అంచు తెలియకపోతే కంటికి వస్తువే లేదు. 20 మి.మీ., 91 రెట్లు, 4.4 ప్యూపిల్. దీనికి అదే సరి.

అద్దాలపని:
20తో మొదలుపెట్టమంటే సరే. అక్కడే ఆగమంటే ఒప్పుకోను.

పాలవెల్లి:
అసలు వీటిని ఎలిప్టికల్ (కోడిగుడ్డు ఆకారపు) గెలాక్సీలు అనడమే సగం తప్పు, ఇప్పుడు చాలామంది మరుగుజ్జు స్ఫెరాయిడల్ (చిన్న, పలచటి, గుండ్రటి గెలాక్సీ) అంటున్నారు. రెండూ ఆండ్రోమెడా ఉపగెలాక్సీలే. వీటిని విడి చుక్కలుగా చూపించి, లోకల్ గ్రూపులో (మన పాలపుంత, ఆండ్రోమెడా ఉన్న గెలాక్సీల గుంపు) చేర్చింది ఖగోళవేత్త వాల్టర్ బాడే, 1944లో.

నిశాచరి:
పేరు సంగతి తర్వాత. అరగంట చీకట్లో ఉన్నాక ఓరచూపుతో చూడండి. కుడికన్నైతే గెలాక్సీ ముక్కువైపు ఉండేలా చూపు కాస్త కుడికి జరపాలి. చెవివైపు ఉంచితే అంధబిందువు మీద పడొచ్చు. వేలికొసతో గొట్టాన్ని మెల్లగా తట్టండి. చుక్కలతో పాటు ఒక పలచటి మరక కదిలితే అదే 147.

చుక్కలవేట:
20తో తట్టి చూశాను, కదిలింది! కానీ క్షేత్రం అంతా బూడిదరంగుగా ఉంది.

మసకమబ్బు:
ట్రస్‌కి (టెలిస్కోపు రెండు కొసల్ని కలిపే కడ్డీల చట్రం) నల్లగుడ్డ ఉందా? పక్కవెలుగు నేరుగా ఫోకసర్‌లోకి (ఐపీస్ పెట్టే చోటు) దిగుతోంది. గుడ్డ లోపలికి వేలాడి అద్దానికి అడ్డు రాకుండా బిగించి కట్టండి. సెకండరీ (పైనున్న చిన్న అద్దం) మీద మంచు పట్టిందేమో కూడా చూడండి.

అద్దాలపని:
గుడ్డ కట్టాక 13 ఒక్కసారి పెట్టి చెప్పండి.