నొప్పి తగ్గిపోయిన దవడ పన్నుకు రూట్ కెనాల్ అవసరమా, పీకించడమే మేలా?

వైరా_వాసి:
మా నాన్నగారికి అరవై దాటాయి, మధుమేహం ఉంది. కింది దవడలో మొదటి దవడ పన్ను లోతుగా పుచ్చిపోయి, గత నెలలో రాత్రంతా నిద్ర పట్టనంత పోటు వచ్చింది. యాంటీబయాటిక్ మాత్రలతో వాపు దిగి, నొప్పి పూర్తిగా పోయింది. ఎక్స్‌రేలో వేరు కొన దగ్గర నల్లని మచ్చ కనిపిస్తోందనీ, రూట్ కెనాల్ (పన్ను లోపలి కుళ్ళును తీసి మూసే చికిత్స) చేసి క్యాప్ వేయాలనీ వైద్యుడు చెప్పారు. నొప్పే లేనప్పుడు ఇన్ని వేలు ఎందుకు, పీకించేద్దామని నాన్నగారు అంటున్నారు. చచ్చిన పన్నును నోట్లో ఉంచుకుంటే గుండెజబ్బు, క్యాన్సర్ వస్తాయని ఒక వీడియో చూసిన మా బాబాయి కూడా ఆయన పక్షమే. పెద్దల అభిప్రాయాలు తెలుపగలరు.

మాగాణి_రైతు:
పీకించడమే మేలు. మా వైపు రూట్ కెనాల్ చేయించుకున్నవారిలో పలువురు క్యాప్ ఖర్చు భరించలేక అక్కడితో ఆపేస్తారు. ఆ తరవాత ఏ జంతికో కొరికినప్పుడు పన్ను నిలువునా చీలుతుంది, చివరికి పీకించుకోక తప్పదు. రెండు ఖర్చులూ పడే బదులు మొదటే పీకించుకుంటే పోలేదా? పన్ను పీకితే చూపు మందగిస్తుందని కొందరు భయపెడతారు గాని, అందులో నిజం లేదు.

గుంటూరు_దంతవైద్యురాలు:
చూపు సంగతిలో రైతు గారితో ఏకీభవిస్తాను. పన్ను చీలడమూ నిజమే, అయితే అది క్యాప్ వేయకపోవడం వల్ల వచ్చిన నష్టం. పుచ్చు తినేసినదానికి తోడు చికిత్స కోసం పైనుంచి రంధ్రం చేయడంతో దవడ పన్ను గోడలు పలచబడతాయి. నమిలే బరువంతా వాటి మీదే పడుతుంది కాబట్టి క్యాప్‌ను చికిత్సలో భాగంగానే లెక్కించాలి.

ఇక నొప్పి తగ్గడం గురించి వివరంగా చెప్పాలి. పన్ను లోపలి మెత్తని కణజాలం వాచినప్పుడు, చుట్టూ గట్టి గోడలే ఉండడంతో వాపుకు చోటు చాలక భరించలేని పోటు వస్తుంది. ఆ కణజాలం చచ్చిపోగానే పోటు ఆగిపోతుంది, కాని సూక్ష్మజీవులు లోపలే ఉండి వేరు కొన గుండా ఎముకలోకి దిగుతాయి. మీ ఎక్స్‌రేలోని నల్లని మచ్చ అదే అయి ఉండవచ్చు. చచ్చిన కణజాలంలో రక్తప్రసరణ ఉండదు కనుక ఎంత బలమైన యాంటీబయాటిక్ మింగినా మందు అక్కడికి చేరదు. చుట్టుపక్కల వాపును మాత్రమే అది తగ్గిస్తుంది. అందువల్ల ఈ పన్నును శుభ్రం చేయాలి, లేదా తీసేయాలి. అలాగే వదిలేయడం మాత్రం తగదు.

సందేహి:
శుభ్రం చేయడం అంటున్నారు గాని, పన్ను గోడల నిండా కంటికి కనిపించని సన్నని గొట్టాలుంటాయనీ, వాటిలోని సూక్ష్మజీవులను ఎవరూ పూర్తిగా తొలగించలేరనీ ఆ వీడియోల్లో చెప్పేది అబద్ధమా?

పాత_పుటలు:
చచ్చిన పన్ను ఒంటికి రోగాలు తెస్తుందనే ఆ వీడియోల వాదన పుట్టుక తెలిస్తే దాని విలువ తెలుస్తుంది. 1910లో విలియం హంటర్ అనే ఆంగ్ల వైద్యుడు మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో ప్రసంగిస్తూ, నోటిలోని కుళ్ళే ఒంట్లోని అనేక రోగాలకు మూలమన్నారు. తరవాత అమెరికాలో పళ్ళు పీకడం ఒక వెర్రిగా మారింది. న్యూజెర్సీలోని ట్రెంటన్ మానసిక వైద్యశాల అధిపతి హెన్రీ కాటన్ పిచ్చి కుదురుతుందని రోగుల పళ్ళు పీకించారు, సొంత కొడుకుల పళ్ళను కూడా వదల్లేదు. రూట్ కెనాల్ చేసిన పళ్ళను పీకి కుందేళ్ళ చర్మం కింద అమర్చి, అవి జబ్బుపడ్డాయని అమెరికా దంతవైద్యుడు వెస్టన్ ప్రైస్ 1923లో ప్రచురించారు. ఆ ప్రయోగాల్లో సరిపోల్చడానికి తగిన ఏర్పాట్లు లేవనీ, పీకేటప్పుడే పళ్ళకు నోటిలోని సూక్ష్మజీవులు అంటుకుంటాయనీ తరవాతివారు తేల్చారు. నేటి వీడియోల్లో తిరిగేది ప్రధానంగా ఆ 1923 నాటి సరుకే.

గుంటూరు_దంతవైద్యురాలు:
సందేహి గారి ప్రశ్నలో సగం నిజముంది. ఆ గొట్టాలు ఉన్నాయి, నూటికి నూరుపాళ్ళు సూక్ష్మజీవులు లేకుండా చేయడం సాధ్యం కాదు. సన్నని ఆకురాళ్ళతో పన్ను వేళ్ళలోని కాలువలను గీకి, సోడియం హైపోక్లోరైట్ ద్రావణంతో కడిగి, శరీరం తట్టుకోగల స్థాయికి సూక్ష్మజీవులను తగ్గించి, మిగిలినవాటికి ఆహారం అందకుండా గట్టాపర్చాతో మూసేస్తాం. మలయా ప్రాంతపు చెట్ల పాలతో తయారయ్యే ఈ పదార్థానికి ఇప్పటికీ పూర్తి ప్రత్యామ్నాయం రాలేదు. 1965లో కకెహాషి బృందం చేసిన ప్రయోగం చూడండి: సూక్ష్మజీవులే లేని వాతావరణంలో పెంచిన ఎలుకల పళ్ళకు రంధ్రం చేసి వదిలేస్తే గాయం దానంతట అదే మానింది, మామూలు ఎలుకల్లో కణజాలం కుళ్ళిపోయింది. కాబట్టి పోరాటం సూక్ష్మజీవులతోనే. రూట్ కెనాల్ విఫలమయ్యే సందర్భాలూ లేకపోలేదు. కింది మొదటి దవడ పన్నులో సాధారణంగా మూడు కాలువలుంటాయి, కొందరికి నాలుగు. ఒకటి తప్పిపోతే చీము మళ్ళీ వస్తుంది.

మాగాణి_రైతు:
అంత శ్రమపడే బదులు పీకేసి ఇంప్లాంట్ (దవడ ఎముకలో బిగించే కృత్రిమ పన్ను) వేయించవచ్చు కదా?

గుంటూరు_దంతవైద్యురాలు:
వేయించవచ్చు, కాని సాధారణంగా రూట్ కెనాల్, క్యాప్ రెండూ కలిపినదానికన్నా ఇంప్లాంట్‌కే ఎక్కువవుతుంది. పైగా అదుపు తప్పిన మధుమేహం దానికీ శత్రువే. ఏమీ పెట్టకుండా ఖాళీ వదిలేస్తే, పక్క పన్ను వాలడం, పై పన్ను కిందికి దిగడం చాలామందిలో చూస్తాం. అయినా పీకడమే సరైన సందర్భాలున్నాయి. పుచ్చంతా తీశాక చిగురు పైన చుట్టూ సుమారు 2 మిల్లీమీటర్ల గట్టి పన్ను మిగలకపోతే, లేదా వేరు చీలిపోయి ఉంటే, దాని మీద డబ్బు పెట్టమని నేను చెప్పను.

వైరా_వాసి:
క్యాప్‌కు కూడా ఇప్పుడే డబ్బు సర్దుబాటు కావడం కష్టం. ఏం చేయమంటారు?

గుంటూరు_దంతవైద్యురాలు:
హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోనూ విజయవాడలోనూ ప్రభుత్వ దంతవైద్య కళాశాలలున్నాయి. అక్కడ ఎక్కువసార్లు తిరగాల్సి వచ్చినా ఖర్చు బాగా తగ్గుతుంది. పన్ను ఎంత మిగులుతుందో, చికిత్స చేసేటప్పుడు ఉమ్మి తగలకుండా రబ్బరు పొర కడతారో లేదో వైద్యుణ్ణి ముందే అడగండి. చక్కెర పరీక్ష కాగితాలు వెంట తీసుకెళ్ళండి. ఈలోగా దవడ కింద వాపు వచ్చినా, నోరు తెరుచుకోకపోయినా, మింగడం కష్టమైనా, ఇంట్లో మిగిలిన మాత్రలు వాడుతూ కూర్చోకుండా ఆ రాత్రే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. కింది దవడ చీము మెడలోకి పాకితే ఊపిరికే అడ్డుపడుతుంది.