క్యాండిడేట్ అంటే తెల్లబట్టలవాడా? నిజమా, వాట్సాప్ కథా?

లంకగాలి:
మాది అమలాపురం పక్కన లంక ఊరండి. పదో తరగతి చదివే మా అమ్మాయి ట్యూషన్ నుంచి వస్తూనే "నాన్నా, క్యాండిడేట్ అంటే అసలు అర్థం తెల్లబట్టలు కట్టినవాడట" అంది. మా దగ్గర నామినేషన్ వేయడానికి వచ్చేవాళ్లంతా ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కాల్లోనే దిగుతారు కదా, వాళ్లని చూసి ఎవరో సరదాకి అల్లిన కథ అనుకున్నాను. కాదు నిజమే అని పంతం పట్టి కూర్చుంది. తెలిసినవాళ్లు చెప్పండి. ఇలా కడుపులో తెలుపు దాచుకున్న ఇంగ్లీషు మాటలు ఇంకా ఉన్నాయా? వైట్ ఎలిఫెంట్, వైట్ లై లాంటివి వద్దు, వాటిలో వైట్ పైకే కనబడుతోంది. క్యాండీ కూడా ఈ బాపతేనా? పంచదార తెల్లగానే ఉంటుందిగా.

ఆచంట మేష్టారు:
మీ అమ్మాయిదే గెలుపండి. లాటిన్‌లో క్యాండిడస్ అంటే మెరిసే తెలుపు. పాత రోమ్‌లో పదవికి పోటీ చేసేవాళ్లు టోగా అనే పొడుగు వస్త్రానికి సుద్ద పట్టించి, ధగధగలాడిస్తూ జనంలో తిరిగేవారు. మన పంచెకి గంజి, నీలిమందు ఎలాగో వాళ్లకి సుద్ద అలాగ. ఆ తెల్లటి మనిషే క్యాండిడేటస్. మనసులో మాట దాచకుండా చెప్పేవాడిని క్యాండిడ్ అంటారు చూశారా, అదీ ఇక్కడిదే. మొదట తెలుపు, తర్వాత మచ్చలేనిది, ఆ తర్వాత దాపరికం లేనిది, అలా అర్థం జరుగుతూ వచ్చింది.

క్యాండీ మాత్రం కాదు. అది మన వైపు నుంచి వెళ్లిన సరుకు. సంస్కృతంలో ఖండ అంటే చక్కెర ముక్క, అది పారశీకం, అరబ్బీ, ఫ్రెంచి దాటుకుని క్యాండీ అయ్యింది. కండచక్కెరలో ఉన్న కండ అదే.

ఇంకా కావాలంటే ఆల్బమ్. లాటిన్‌లో ఆల్బస్ కూడా తెలుపే, అయితే ఇది మెరుపు లేని తెలుపు. రోమ్‌లో అధికారుల ప్రకటనలు రాసిపెట్టే తెల్లటి పలకని ఆల్బమ్ అనేవారు. తర్వాత యూరప్‌లో చదువుకునే కుర్రాళ్లు స్నేహితుల చేత సంతకాలు, నాలుగు మాటలు రాయించుకునే ఖాళీ పుస్తకానికి ఆ పేరొచ్చింది. ఫొటోలు ఆఖరున వచ్చి చేరాయి.

బ్లాంక్ అంటే ఫ్రెంచి బ్లాన్, అంటే తెలుపు. రాత లేని కాగితం తెల్లగా ఉంటుంది కాబట్టి ఖాళీ అయ్యింది. బ్లాంకెట్ కూడా అంతే, పుట్టినప్పుడు తెల్ల ఉన్ని బట్ట. మన గొంగళేమో నల్లనిది!

గట్టుమీద నాయుడు:
మేష్టారూ, మా పెళ్లి ఆల్బమ్‌లో పేజీలన్నీ నల్ల అట్టలేనండి, మూలలకి ఆ చిన్న కాగితపు జేబులు అంటించి మరీ పెట్టారు. పేరేమో తెలుపా!

మాది భీమవరం వైపు, రొయ్యల చెరువులు. మేం పెంచే వనామీ రకం రొయ్యని ఇంగ్లీషులో వైట్‌లెగ్ ష్రింప్ అంటారని విని, వనామీ అంటే ఏదో భాషలో తెలుపై ఉంటుందని ఇన్నాళ్లూ అందరికీ చెప్పుకుంటూ తిరిగాను. తీరా చూస్తే వాన్ నేమ్ అనే అమెరికా జంతుశాస్త్రవేత్త ఇంటిపేరట అది. పరువు పోయింది. మా బతుకులో తెలుపంటే వైట్ స్పాట్ అనే రొయ్యల జబ్బే. డొప్ప మీద తెల్ల చుక్కలు కనబడ్డాయంటే ఇంక రాత్రికి రాత్రే వల వేసి, వచ్చిన కౌంట్‌కి వచ్చినట్టు అమ్ముకోవడమే. కౌంట్ అంటే కిలోకి తూగే రొయ్యల లెక్క, అది ఎంత పెద్దదైతే రొయ్య అంత చిన్నది. పోయినసారి 100 కౌంట్‌లోనే పట్టేశాం, మేత డబ్బులు కూడా రాలేదు. ఆ మాటకి ఏ నిఘంటువూ అక్కర్లేదు లెండి.

ల్యాబ్ అక్క:
అయ్యో నాయుడన్నా, ఈ పంటైనా బాగుండాలి.

మా ల్యాబ్‌లో తెలుపు లేని రోజు లేదు. యూరిన్‌లో చూసే అల్బుమిన్ అనే ప్రొటీన్ పేరు ఆ ఆల్బస్ నుంచే, గుడ్డు తెల్లసొనని అల్బుమెన్ అంటారు. గ్రీకులో ల్యూకోస్ అంటే తెలుపు, ల్యూకోసైట్ అంటే తెల్లకణం. రక్తంలో తెల్లకణాలు విపరీతంగా పెరిగే జబ్బుకి జర్మన్ డాక్టర్ విర్కో 1847లో ల్యూకేమియా అని పేరు పెట్టాడు, అంటే మాటకి మాట తెల్లరక్తం. క్యాండిడా ఆల్బికన్స్ అని ఒక ఫంగస్ ఉంది, పేరులో రెండు మాటలూ తెలుపే. చంటిపిల్లల నాలుక మీద పెరుగు పూసినట్టు కనబడేది అదే, ఆడవాళ్లలో తెల్లబట్టకి అదొక కారణం. మీ టైటిల్ చూసి ముందు ఆ తెల్లబట్ట గురించే అనుకుని లోపలికొచ్చాను సుమా!

ఆచంట మేష్టారు:
హహ. నాయుడుగారి నల్ల ఆల్బమ్‌లాగే రంగు మారిన మాట ఇంకోటుంది, ఆబర్న్. ఇప్పుడు ఎర్రటి గోధుమరంగు జుట్టుకి వాడతారు. ఒకప్పుడు పాలిపోయిన తెలుపు, ఆల్బస్ మనవరాలే. ఒక దశలో జనం దాన్ని బ్రౌన్ అనే మాట వినబడేలా రాయడం మొదలుపెట్టారు, దాంతో రంగే బ్రౌన్ అయిపోయింది.

వీట్ కూడా వైట్‌కి చుట్టమే, పిండి తెలుపు కదా. మన శ్వేతం, వాళ్ల వైట్ ఒకే వేరు. అర్జున అన్నా తెలుపే, గోదారి గట్టున ఉండే తెల్లమద్దికి సంస్కృతంలో అదే పేరు. లాటిన్‌లో వెండిని ఆర్జెంటమ్ అన్నదీ ఆ వేరు నుంచే, అర్జెంటీనా దాకా పోయింది. అంతదూరం ఎందుకు, మన వెండిలోనే వెల్ల ఉంది, అంటే తెలుపు. వెన్నెల అంటే తెల్లని నెల, ఇక్కడ నెలంటే చంద్రుడు. వెల్లుల్లి తెల్ల ఉల్లి. రోజూ పోపులో వేస్తూ ఎవరం పట్టించుకుంటాం?

ఆ రోమ్ పలక సంగతి చెప్పానా, మన నోటీసుల్లో "ఇందుమూలముగా తెలుపునది ఏమనగా" అని ఉంటుంది చూడండి. తెలుపు రంగు, తెలపడం, తెలియడం అన్నీ తెలి అనే ఒక్క వేరు పిలకలే. క్యాండిడ్ నడిచిన దారే.

లంకగాలి:
అందరికీ దండాలండి. ఓడిపోయానని ఒప్పేసుకున్నాను. పందెం ప్రకారం తాపేశ్వరం వెళ్లి కాజాలు తేవాలి. వెల్లుల్లి సంగతి చెబితే వంటింట్లోంచి మా ఆవిడ "ఒలిచేటప్పుడు మీరొక్కసారి చూసుంటే ఎప్పుడో తెలిసేది" అంది.