సమస్యాపూరణం: నేను పలుక వాడు నిన్న పలికె

నిర్వాహకుడు (కడప): ఆటవెలది, చివరి పాదం ఇస్తున్నా. స్పానిష్‌లో 'అబ్లార్' అంటే మాట్లాడటం. 'ఆబ్లొ' అంటే మాట్లాడతాను. ఊనిక, అంటే నొక్కి పలికే ఒత్తు, చివరికి జరిపి, ఓ మీద చిన్న గీత పెట్టి 'అబ్లో' అంటే మాట్లాడాడు. మనలాగే వాళ్లకీ నేను, వాడు అని విడిగా చెప్పాల్సిన పని లేదు. విప్పండి.

కర్నూలు సభ్యురాలు:
ఒత్తు మొదట నున్న నుత్తమ పురుషయే
తుదకు జరుగ నదియె తోచు గతము
కర్త మారిపోయె కాలమ్ము మారెను
నేను పలుక వాడు నిన్న పలికె

అనంతపురం విద్యార్థి: క్లాసులో నాకు జరిగిందే రాశాను.
అయ్యవారి యెదుట నాబ్లొ యనుచు నిల్చి
భయము చేత నొక్కి పలుక దుదను
ఒరుల మాట యయ్యె నోటిలో నా పల్కు
నేను పలుక వాడు నిన్న పలికె

ప్రొద్దుటూరు సభ్యుడు: అమ్మా, నీ మూడో పాదం దగ్గర కాసేపు ఆగిపోయాను. ఒక్క గీతతో మనిషీ కాలమూ రెండూ మారతాయని ఇంత పొదుపుగా చెప్పడం కష్టం. నాయనా, టెన్షన్‌లో నోరు తడబడటం బాగా పట్టావు. కానీ మూడో పాదంలో యతి తప్పింది, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం కలవలేదు. ఆమె 'నుత్తమ'లో న సంధి వల్ల వచ్చింది, లోపల ఉకారం ఉంది కాబట్టి ఒత్తులోని 'ఒ'కి సరిపోయింది. నీ 'నోటి'లో న ఆ మాటకి సొంతం. దానికి 'ఒ' చెల్లదు. ఇలా చూడు:
నాదు పలుకె యొరుల నాలుక జేరెను

అనంతపురం విద్యార్థి: మార్చుకున్నాను సార్. ఆ తేడా నాకు ఇప్పుడే తెలిసింది.

గుత్తి సభ్యురాలు: ఈ చిక్కు 'ఆర్'తో ముగిసే క్రియలకే కదా? 'కొమేర్' అంటే తినడం. తింటాను 'కోమొ', తిన్నాడు 'కొమియో'. ఊనిక జరిపితే చాలదు. 'ఎర్', 'ఇర్' క్రియలకి భూతకాలం ముగింపులు ఒకటే: కొమీ, కొమిస్తే, కొమియో. బతకడం 'వివీర్'కీ అంతే: వివీ, వివిస్తే, వివియో. మొదటి పద్యం చదివితే అన్నిటికీ అదే సూత్రమనిపిస్తోంది.

కర్నూలు సభ్యురాలు: నిజమే అక్కా. సమస్యలో ఉన్నది పలకడమే కాబట్టి అంతదూరం పోలేదు.

నిర్వాహకుడు: 'కొమీ' అంటే తిన్నాను. ఆ మాట విన్నప్పుడల్లా మా అవ్వ చేయి కడుక్కుంటూ "అప్పుడే తింటి నాయనా" అనడం చెవిలో మోగుతుంది. ఎవరు తిన్నారో, ఎప్పుడు తిన్నారో ఆ చివరి ఇకారమే చెప్పేది. రెండు పద్యాలూ ఉంచుతున్నా, రెండోది సవరణతో.

వచ్చే ఆదివారానికి: 'అబ్లామోస్' అంటే మాట్లాడతాం, మాట్లాడాం రెండూ. గీత కూడా ఉండదు. పాదం ఇదీ:
నేటి మాటలోనె నిన్న దాగె