ఏకాయనమా, ఏకయానమా? దీర్ఘం ఎక్కడ?

ప్రశ్న: పెద్దలకు నమస్కారం. బౌద్ధంలో జ్ఞానోదయానికి దారి ఒక్కటేనా, పలు దారులా అన్న మాట వచ్చినప్పుడల్లా ఒక పాదం నోట్లో ఆడుతుంది, పూర్తిగా రాదు. "ఏకయానో అయం మగ్గో... ద్వితీయం న విద్యతే". ఎక్కడిదండీ?

— రెండు చోట్ల మాటలు కలిసిపోయాయండీ. మొదటి సగం పాళీలోని సతిపట్ఠాన సుత్తం (స్మృతి సాధన మీద బుద్ధుడి ఉపదేశం) ఎత్తుగడ: "ఏకాయనో అయం భిక్ఖవే మగ్గో సత్తానం విసుద్ధియా". భిక్షువులారా, ప్రాణుల విశుద్ధికి ఇది ఏకాయన మార్గం అని. దీర్ఘం "కా" మీద: ఏక, అయన. రెండోది సంస్కృతంలోని మహాయాన సూత్రం సద్ధర్మపుండరీకం: "ఏకం హి యానం ద్వితియం న విద్యతే". యానం ఒక్కటే, రెండోది లేదు అని. ఇక్కడ దీర్ఘం "యా" మీద. అయనం నడిచే దారి, యానం ఎక్కి వెళ్లే బండి. దీర్ఘం ఒక అక్షరం జరిగితే సంప్రదాయమే మారిపోతుంది.

— "ద్వితియం" అని హ్రస్వంతో రాశారు, అచ్చుతప్పు కాదు కదా?

— కానే కాదు. గణాలు వేసి చూడండి: ఏకంహి, యానంద్వి, తియంన, విద్యతే. త త జ ర, నికార్సైన ఇంద్రవంశ వృత్తం. "తీ" అని దీర్ఘమిస్తే జగణం చెడుతుంది. కొన్ని వ్యాసాల్లో వ్యాకరణం కోసం దిద్ది వేస్తారు, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

— ఛందస్సు సరే, అర్థం సంగతి? ఏకాయనం అంటే "ఏకైక మార్గం" అని రాసేయడం తొందరపాటని నా అభిప్రాయం. మహాసీహనాదం అనే మరో పాళీ సుత్తంలో ఎండకు సొమ్మసిల్లి, దాహంతో ఉన్న మనిషి ఏకాయన మార్గాన నిప్పుల గుంట వైపే వస్తుంటాడు. నిప్పుల గుంటకు ఒకే ఒక్క దారి ఉందని చెప్పడం అక్కడ ఉద్దేశం కాదు. ఆ దారి పట్టినవాడు మరో చోట తేలడు, అంతే. సతిపట్ఠానంలోనూ అదే అర్థం.

— సుత్తం మీది పాళీ వ్యాఖ్య, అట్ఠకథ, ఒక్క అర్థంతో ఆగలేదు మాస్టారూ. చీలికలు లేని దారి, ఒంటరిగా నడవాల్సిన దారి, ఆ ఒక్కడైన బుద్ధుడి దారి, ఈ శాసనంలోనే (బుద్ధుడి బోధలోనే) ఉన్న దారి, ఒక్క నిబ్బానానికే చేర్చే దారి. అన్నీ ఇచ్చింది. నాకు రెండోదే ఇష్టం. "ఇంకోటి లేదు" అన్న మాటే కావాలంటే ధమ్మపదం 274 ఉంది: "ఏసేవ మగ్గో నత్థఞ్ఞో" (ఇదే దారి, వేరొకటి లేదు).

— "ఏసో వ" కదా?

— రెండు పాఠాలూ ఉన్నాయి. నా ఓటు "సే"కే. ఏసో, ఏవ కలిస్తే అదే సహజంగా వినిపిస్తుంది.

— ఎవరూ బృహదారణ్యక ఉపనిషత్తు ఎత్తలేదేం? "సర్వాసామపాం సముద్ర ఏకాయనమ్". నీళ్లన్నిటికీ సముద్రం ఏకాయనం. అక్కడ ఏకాయనం దారి కాదు, అన్నీ వచ్చి కలిసే చోటు. సుత్తం విన్న తొలి శ్రోతల చెవిలో ఈ అర్థం కూడా మోగి ఉంటుందని నా నమ్మకం. అప్పుడు దారులు ఎన్నైనా ఉండొచ్చు.

— ఉపనిషత్తును సుత్తం మీదికి లాక్కొస్తే ఒప్పుకోను. అక్కడ "మగ్గో" అన్న విశేష్యం పక్కనే ఉంది.

— దారుల తేడా చూడాలంటే బౌద్ధ సంస్కృత కవి అశ్వఘోషుడి దగ్గరికి రండి. సౌందరనందంలో నందుడు భార్యను మరవలేడు. బుద్ధుడు అతణ్ణి స్వర్గానికి తీసుకెళ్లి అప్సరసల్ని చూపించి, ఆ ఆశతోనే తపస్సుకు కూర్చోబెడతాడు. రాగంతోనే రాగాన్ని కడగడం! చివర కవి తానే చెప్పుకున్నాడు, "వ్యుపశాంతయే న రతయే" (శాంతి కోసం, సుఖం కోసం కాదు) అని. చేదు మందులో తేనె కలిపినట్టు కావ్యం రాశానన్నాడు. ఆ పద్యం శార్దూలం నడక నాకెప్పుడూ తనివి తీరదు.

— ఆయనదే బుద్ధచరితం, అదే మేలు.

— సౌందరనందం ముందు నిలవదండీ. శిల్పం ఇందులో ఉంది.

ప్రశ్న వేసినవారు: అందరికీ కృతజ్ఞతలు. మరి బుద్ధుడి శిష్యుడు ఆనందుడు యుగనద్ధ సుత్తంలో నాలుగు దారులు చెప్పాడు కదా? శమథం (మనసును నిలపడం) ముందు, విపస్సన (లోచూపు) ముందు, రెండూ జోడుగా, నాలుగోది "ధమ్ముద్ధచ్చవిగ్గహితం మానసం" (ధమ్మ విషయంలో ఉద్ధచ్చానికి, అంటే చెదరుకు, చిక్కిన మనసు). ఇవి ఏకాయనంలో ఎలా ఇముడుతాయి?

— మొదటి మూడూ వరస తేడాలే, చిక్కు లేదు. నాలుగోదే అసలు చిక్కు. ఉద్ధచ్చం నీవరణాల్లో, అంటే ధ్యానానికి అడ్డంకుల్లో, ఒకటి. మనసు చెదరడం దారి ఎలా అవుతుంది?

— అక్కడ చెదరడం దారి కాదు. ఆ చెదిరిన మనసు లోపలికి కుదురుకునే సమయం వస్తుంది, అప్పుడే మార్గం పుడుతుంది. తర్వాతి వాక్యం చదవండి.

— చదివానండీ. "ధమ్మ" అంటే అక్కడ బోధా, ధ్యానంలో కలిగే అనుభవాలా? అట్ఠకథ రెండోదంటుంది. నేను మొదటిదే అంటాను.