సమస్యాపూరణం: గొడుగు విప్పినంత తడిసె నొడలు

నిర్వాహకుడు: ఈ వారం సమస్య ఇది. దీన్నే చివరి పాదంగా ఉంచి పైన మూడు పాదాలు అల్లాలి.

గొడుగు విప్పినంత తడిసె నొడలు

ఆటవెలది చివరి పాదం. గొకారానికి తకారంతో యతి (పాదం మొదటి అక్షరానికీ నడుమ యతిస్థానంలోని అక్షరానికీ ఉండాల్సిన పొత్తు) కుదరదని ఎవరూ ఉత్తరాలు రాయవద్దు. గొడుగు, తడిసె: రెండింటిలోనూ రెండో అక్షరం డకారమే, మొదటివి రెండూ లఘువులే. యతికి బదులు రెండో అక్షరాలు కలిసే ప్రాసయతి చెల్లింది. విషయం వానలో కొండ నడక. ఇంద్రుడు, గోవర్ధనం అందరికీ తెలిసిన దారి కనుక ఈసారి అటు వెళ్ళకండి. మీ కాళ్ళు నడిచిన కొండే కావాలి. ఈశాన్య ఋతుపవనాల కాలంలో తిరుమలకు అలిపిరి మెట్లెక్కినవారు మనలో చాలామందే ఉన్నారు.

రేణిగుంట మాస్టారు:

గాలిగోపురమ్ము గాలికే పెట్టిన
పేరు, వానతోడ బెనుగులాడి
వీచె నొక్క విసురు; విరిగె నూచ లపుడు;
గొడుగు విప్పినంత తడిసె నొడలు

నెల్లూరు పెద్దాయన: ఎత్తుగడ బాగుంది మాస్టారూ. మూడో పాదం వేగం కూడా బాగుంది. చివరి 'అపుడు' మాత్రం గణం (గురులఘువుల లెక్క) నింపడానికి వచ్చి కూర్చుంది. 'విరిగె నూచ లకట' అంటే గణం అదే, కాస్త ఉసూరుమనడం కూడా వినిపిస్తుంది. ఇంకొక సందేహం: అలిపిరి దారిలో చాలా భాగానికి పైకప్పు ఉంది కదా, గొడుగు ఎందుకు విప్పారు?

రేణిగుంట మాస్టారు: కార్తీకంలో వాన పైనుంచి పడదండీ, పక్కనుంచి కొడుతుంది. లోయ వైపు నుంచి గాలి లేస్తే కప్పు కింద ఉన్నవాళ్ళే ముందు తడుస్తారు. 'అకట' తీసుకుంటున్నాను.

కడప సోదరి:

చూరు కింద నుంచ జోరుగా మడతలో
నిండియున్న నీరు నెత్తి మీద
కుంభవృష్టి యయ్యె, కొండపై వానేల?
గొడుగు విప్పినంత తడిసె నొడలు

నిర్వాహకుడు: అమ్మా, నాకు ఇంతవరకూ వచ్చినవాటిలో ఇదే నచ్చింది. గాలి, చిరుగు, తిరగబడడం ఎవరికైనా తడతాయి. ఇది చూసినవారికే తెలుస్తుంది. పొడవు కర్ర గొడుగును మూసి, తాడు కట్టకుండా, మొన కిందికి పెట్టి మండపం స్తంభానికి ఆనిస్తే, ఊచల మధ్య బట్ట సంచీలా నోరు తెరుస్తుంది. పైనుంచి చూరు నీళ్ళు అందులోకే పడతాయి. టీ తాగి వచ్చేసరికి అర చెంబు సిద్ధం. 'కొండపై వానేల' అన్న ప్రశ్నలో వెటకారం ఉంది, ఏడుపు లేదు. యతులు కూడా ఎక్కడా తడబడలేదు: చూ–జో, ని–నె, కుం–కొ.

నెల్లూరు పెద్దాయన: 'జోరుగా' నీటికి అన్వయించాలి, పద్యంలో అది మడతకు అతుక్కుంది. అంతకు మించి నేనూ ఏమీ అనను.

విశాఖ సభ్యుడు:

బిడ్డ భుజము మీద పెట్టుకొని నడచు
నాన్న తనదు తలను నాననిచ్చె;
చిట్టితల్లి పొడిగ చిఱునవ్వు నవ్వగా
గొడుగు విప్పినంత తడిసె నొడలు

నెల్లూరు పెద్దాయన: 'నాన్న', 'నాననిచ్చె' చెవికి ఇంపుగా ఉన్నాయి. విషయం కూడా నిజమే: భుజం మీది పిల్ల తలకు పైగా గొడుగు పట్టాలంటే చెయ్యి పూర్తిగా చాచాలి, అంత ఎత్తున పట్టిన గొడుగు కింది మనిషికి ఏటవాలు వానలో ఏమీ కాయదు. కానీ సమస్య చిక్కంతా రెండో పాదంలోనే విప్పేశారు. తల నానిందని ముందే చెప్పాక నాలుగో పాదంలో తడిసిందంటే ఆశ్చర్యం ఏముంటుంది? పాదాల వరుస మార్చి చూడండి.

కొత్త సభ్యుడు:

మెట్లు మూడువేలు మించిన దారిలో
జల్లు పెరిగి మబ్బు కమ్ముకొనియె;
పడిన కొమ్మ తగిలి బట్ట చిరిగిపోయె;
గొడుగు విప్పినంత తడిసె నొడలు

నిర్వాహకుడు: స్వాగతం. గణాలన్నీ సరిపోయాయి. రెండో పాదంలో జకారానికి కకారంతో యతి లేదు. 'జల్లు పెరిగి మబ్బు చల్లె నీరు' అంటే చాలు. మూడో పాదంలో చిరిగింది గొడుగు బట్టా, కట్టుకున్న బట్టా అని చదివేవాడు ఆగుతాడు. ఇక మొదటి పాదం. 3,550 మెట్లని అందరికీ తెలుసు, లెక్క వల్ల కొండ కనబడదు. మొక్కుకున్నవాళ్ళు మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెడుతూ ఎక్కుతారు కదా. గట్టి వాన పడితే ఆ పసుపూ కుంకుమా కరిగి పై మెట్టు నుంచి కింది మెట్టుకు జారుతూ మన కాలివేళ్ళ సందుల్లోంచి పోతాయి. ఇంతమంది రాశారు, ఆ రంగు నీళ్ళు ఒక్కరి పద్యంలోకీ రాలేదు!

రేణిగుంట మాస్టారు: 2021 నవంబరులో కురిసిన వానకు పసుపు కుంకుమలేమిటి, తిరుమలకే వెళ్ళే రెండో నడకదారి, శ్రీవారి మెట్టు దారే దెబ్బతిని, మరుసటి ఏడు మే దాకా తెరవలేదు. అలాంటి వానలో పద్యం కాదు, ఇల్లు చేరడమే పూరణం.

వికారాబాద్ మిత్రుడు: నాది తిరుమల కాదు. మూసీ పుట్టే అనంతగిరి, శ్రావణం.

వంగి చూచుచుంటి వాగొడ్డు గడ్డిలో
వాన మఱచి నేను పరవశించి;
తలను లేపుచున్న తడిమట్టి తెలిపుట్ట
గొడుగు విప్పినంత తడిసె నొడలు

కడప సోదరి: అబ్బ! 'పుట్ట'ను మూడో పాదం చివర దాచి గొడుగునే మార్చేశారు.

నెల్లూరు పెద్దాయన: చమత్కారం ఒప్పుకుంటాను. రెండు అభ్యంతరాలు. పుట్టగొడుగు విచ్చుకోవడానికి గంటలు పడుతుంది. 'విప్పినంత'ను 'విప్పినంత సేపూ' అని చదువుకుంటేనే అర్థం నిలుస్తుంది, అప్పుడు ఈయన ఆ గంటలన్నీ వానలో వంగే ఉన్నారనుకోవాలి. రెండోది, మనిషి గొడుగు విప్పుతాడు గానీ పుట్టగొడుగు తనంతట తాను విచ్చుకుంటుంది.

వికారాబాద్ మిత్రుడు: నడుము నొప్పికి సాక్ష్యం కావాలంటే మా ఇంట్లో వాళ్ళను అడగండి పెద్దాయనా.

నిర్వాహకుడు: 'గొడుగు విచ్చినంత' అని మార్చుకుని మీ నోటుబుక్కులో దాచుకోండి, గణాలకు ఏ ఇబ్బందీ లేదు. ఇక్కడ మాత్రం ఇచ్చిన పాదం ఇచ్చినట్టే ఉండాలి. విశాఖ సభ్యుడు వరుస మార్చిన పద్యం ఇంకా పంపలేదు. ఆదివారం రాత్రి దాకా చూస్తాను.