అప్‌డేట్: పీపీ405 కోసం ఆగట్లేదు
జుట్టు ఊడకుండా తలకి రాసుకునే మినాక్సిడిల్ మానేసి, ఇంకా ట్రయల్స్‌లోనే ఉన్న పీపీ405 అనే కొత్త జుట్టు మందు కోసం ఆగొచ్చా అని ఇంతకుముందు అడిగాను కదా, ఆగట్లేదు. డాక్టర్ చర్మాన్ని పెద్దగా చేసి చూపించే డెర్మోస్కోప్ పెట్టి నడినెత్తి చూపిస్తే, బాగానే ఉందనుకున్న చోట కూడా వెంట్రుకలు నూగులా సన్నబడిపోయి ఉన్నాయి, మందు ఆపితే దానివల్ల నిలబడినవి కూడా కొన్ని నెలల్లో రాలిపోతాయన్నారు. ఆశ మాత్రం చావలేదు, ఎందుకంటే పీపీ405 హార్మోన్ల జోలికి పోకుండా కుదుళ్లలో నిద్రపోతున్న మూలకణాలను లేపడానికి చూస్తుంది. 2025లో ఆ మందు తయారుచేస్తున్న కంపెనీ చెప్పిన ఫలితాల్లో, జుట్టు బాగా పోయిన మగవాళ్లలో 31 శాతం మందికి 8 వారాలకే సాంద్రత 20 శాతం పైగా పెరిగిందట. చిన్న ట్రయల్ అది. మిగతా 69 శాతంలో నేనుండనని గ్యారంటీ ఏంటి? మా బావైతే "అప్పటికి గుండే ఫ్యాషన్ అవుద్ది లేరా" అంటున్నాడు. దిండు గలీబుకి జిడ్డంటుతోందని అమ్మ తిడుతున్నా సరే, మినాక్సిడిల్ రాస్తూనే ఉంటా, ఫేజ్ 3 (ఎక్కువమంది మీద చేసే పెద్ద ట్రయల్) ఫలితాలొచ్చాక మిగతాది చూద్దాం.